సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డ్ ఒరిజినలా, డూప్లికేటా? అరగంటలో ఎలా తేల్చుకోవాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ: వాడిన జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ కార్డ్ ఒకటి కొనబోతున్నారు. అమ్మేవాడు డివైస్ మేనేజర్ స్క్రీన్‌షాట్ పంపాడు, అందులో పేరు సరిగ్గానే ఉంది. కానీ కార్డ్ మీద ఏ కంపెనీ పేరూ లేదు, వెనక వీజీఏ పోర్టు (పాత మానిటర్ల అనలాగ్ కేబుల్ పెట్టేది) కనిపిస్తోంది. వచ్చి అరగంట టెస్ట్ చేసుకోమన్నాడు. ఆ అరగంటలో ఏం చూడాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ వీజీఏ పోర్టు చూశాక నేనైతే అసలు బయల్దేరను. 1050 టీఐలో ఉండేది ఎన్విడియా కంపెనీ చేసిన, పాస్కల్ అని పిలిచే తరం చిప్. ఆ తరం నుంచి ఎన్విడియా తన చిప్‌లలో అనలాగ్ అవుట్‌పుట్ తీసేసింది. కార్డ్ తయారుచేసేవాళ్లు పనిగట్టుకుని విడిగా ఒక కన్వర్టర్ చిప్ పెడితే తప్ప దానికి వీజీఏ రాదు, అలా పెట్టడం చాలా అరుదు. అయినా వెళ్లి చూడాలనే ఉంటే, జీపీయూ-జడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ కొత్త వెర్షన్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. అందులో చిప్ పేరు జీపీ107 అని, షేడర్లు (చిప్‌లో లెక్కలు చేసే చిన్న కోర్లు) 768 అని ఉండాలి, వల్కన్ (గేములు కార్డ్‌తో మాట్లాడే ఒక పద్ధతి) పక్కన టిక్ ఉండాలి. తర్వాత కార్డ్ మెమరీని 1 జీబీ దాటించి నింపే టెస్ట్ ఒకటి నడపండి. ఇవన్నీ నెగ్గితే కార్డ్ ఒరిజినలే. ఒక్కటి తప్పినా మర్యాదగా లేచి వచ్చేయండి.

ఇక కారణాలు. స్క్రీన్‌షాట్‌లో పేరు సరిగ్గా ఉంది కదా అన్నారు. డివైస్ మేనేజర్ కార్డ్‌ని పరీక్షించదండీ. "నీ నంబరెంత" అని అడుగుతుంది, కార్డ్ ఏ నంబరు చెబితే డ్రైవర్ ఫైల్లో ఆ నంబరుకు ఎదురుగా ఉన్న పేరు చూపిస్తుంది, అంతే. కార్డ్ మీదున్న బయోస్‌ని, అంటే కార్డ్ తన వివరాలు దాచుకునే చిన్న ప్రోగ్రామ్‌ని, మార్చి రాసేస్తే కార్డ్ చెప్పే నంబరూ మారిపోతుంది. డూప్లికేట్లు చేసేవాళ్ల పని మొత్తం ఇదే. ఎప్పుడో 2010లో వచ్చిన జీటీఎస్ 450, 2011లో వచ్చిన జీటీఎక్స్ 550 టీఐ లాంటి పాత ఫెర్మీ తరం చిప్‌లను తీసుకుని, బయోస్‌లో 1050 టీఐ అని, మెమరీ 4 జీబీ అని రాస్తారు. పైన కొత్త ఫ్యాన్, కొత్త స్టిక్కర్. లోపల 192 కోర్లు, చాలావాటిలో అసలు మెమరీ 1 జీబీ.

నాకు మొదటిసారి ఇలాంటిది తగిలినప్పుడు రెండు రోజులు వృథా చేసుకున్నాను. గేమ్ మెనూ వరకు బాగానే వస్తుంది, ఆట మొదలవగానే స్క్రీన్ నల్లబడిపోతోందని ఒక కుర్రాడు సిస్టమ్ తెచ్చాడు. పవర్ సప్లై మార్చాను, ర్యామ్ మార్చాను, విండోస్ రెండుసార్లు ఎక్కించాను. కార్డ్ మీద అనుమానమే రాలేదు, ఎందుకంటే ప్రతిచోటా 1050 టీఐ అనే పేరు చక్కగా కనిపిస్తోంది. చివరికి జీపీయూ-జడ్ తెరిచి షేడర్లు 192 అని చూసినప్పుడు కూడా ముందు ఆ ప్రోగ్రామ్‌నే అనుమానించాను! హీట్‌సింక్ విప్పితే చిప్ మీద జీఎఫ్116 అని ఉంది, అంటే పాత ఫెర్మీ చిప్. అప్పటినుంచి నా దగ్గరికి ఏ కార్డ్ వచ్చినా దాని పేరు ఆఖర్న చదువుతాను.

జీపీయూ-జడ్‌లో ఏం చూడాలి

దీన్ని తయారుచేసే టెక్‌పవర్‌అప్ వాళ్లు 2018లో వచ్చిన 2.12 వెర్షన్ నుంచి డూప్లికేట్లను పసిగట్టే ఏర్పాటు పెట్టారు. పాత ఎన్విడియా చిప్‌కి కొత్త పేరు తగిలించి ఉంటే, ఆ పేరు ముందు ఫేక్ అని బ్రాకెట్లలో చూపిస్తుంది. అందుకే మీ పెన్‌డ్రైవ్‌లోది వాడమన్నాను. అమ్మేవాడి సిస్టమ్‌లో ఉన్నది ఏ కాలం నాటిదో మనకు తెలియదు. అయితే ఆ మాట కనిపించనంత మాత్రాన కార్డ్ ఒరిజినల్ అని కాదు. ఆ ఏర్పాటుకు తెలిసింది కొన్ని పాత చిప్‌ల జాబితా మాత్రమే. మిగతా గళ్లు మీరే చదవాలి.

షేడర్ల సంఖ్య నాకు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే సిలికాన్‌లో లేని కోర్లను బయోస్ పుట్టించలేదు. 1050 టీఐకి 768. టీఐ లేని 1050 అయితే 640. టెక్నాలజీ గడిలో 14 నానోమీటర్లు ఉండాలి; ఫెర్మీ అయితే 40 చూపిస్తుంది. చిప్ వైశాల్యం కూడా అక్కడే ఉంటుంది: జీపీ107 అయితే 132 చదరపు మిల్లీమీటర్లు, జీఎఫ్116 అయితే 238. పాతదే పెద్దది, ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

కింద వరసలో వల్కన్ టిక్ చూడండి. ఫెర్మీ కార్డులకు ఎన్విడియా వల్కన్ డ్రైవర్ ఇవ్వనే లేదు. కాబట్టి డ్రైవర్ సరిగ్గా ఎక్కి ఉండి కూడా ఆ గడి ఖాళీగా ఉంటే అనుమానించాల్సిందే. డ్రైవరే లేకపోతే ఒరిజినల్ కార్డ్‌కి కూడా ఖాళీగానే ఉంటుంది, ఈ తేడా గుర్తుంచుకోండి.

బస్ ఇంటర్‌ఫేస్ గడి దగ్గర నేనొకసారి పరువు పోగొట్టుకున్నాను. అక్కడ పీసీఐఈ 3.0 అని, తర్వాత @ గుర్తు, ఆ తర్వాత 1.1 అని ఉంటుంది. @ ముందున్నది కార్డ్ సామర్థ్యం, తర్వాతున్నది ఆ క్షణంలో నడుస్తున్న వేగం. పని లేనప్పుడు కరెంటు ఆదా కోసం కార్డ్ వేగం తగ్గించుకుంటుంది. ఆ సంగతి పట్టించుకోకుండా 1.1 అన్న అంకె చూసి, పాపం ఒక పెద్దాయన్ని పట్టుకుని "ఇది డూప్లికేటండీ" అనేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. పక్కనే ఉన్న ప్రశ్నార్థకం బటన్ నొక్కి చిన్న రెండర్ టెస్ట్ నడిపితే వేగం 3.0కి ఎక్కింది. క్షమాపణ చెప్పి ఆ కార్డ్ నేనే కొన్నాను. అదే ఫెర్మీ చిప్ అయితే @ ముందున్న అంకే 2.0 ఉంటుంది.

మెమరీ సైజు గడిని మాత్రం నమ్మకండి. బయోస్‌లో ఏది రాస్తే అక్కడ అదే కనిపించే ప్రమాదం ఉంది.

డ్రైవర్ సంగతి

అమ్మేవాడు "డ్రైవర్ అప్‌డేట్ చేయకండి, పాడవుతుంది" అన్నాడంటే టెన్షన్ పడాల్సిన చోటు అదే. ఫెర్మీ కార్డులకు ఎన్విడియా ఇచ్చిన ఆఖరి డ్రైవర్లు 2018 నాటి 391 వరస. వేషం వేసుకున్న ఫెర్మీ కార్డ్ అంతకన్నా కొత్త డ్రైవర్‌తో పనిచేయదు: ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంది, స్క్రీన్ నల్లబడుతుంది, లేదా డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పడుతుంది. కార్డ్‌తో పాటు "ఇందులోదే వాడండి" అని సీడీయో జిప్ ఫైలో ఇచ్చారంటే అది మార్చిన డ్రైవర్ అయ్యే అవకాశమే ఎక్కువ.

కానీ ఇక్కడే ఇంకో తిరకాసుంది, మీలాంటి వాళ్లు ఎదురు పొరపాటు చేసేది ఇక్కడే. పాస్కల్ తరానికి కూడా ఇప్పుడు వయసైపోయింది. 580 వరసే పాస్కల్‌కి ఆఖరిదని ఎన్విడియా 2025లో ప్రకటించింది. తర్వాతి 590 వరస డ్రైవర్ తెచ్చి ఎక్కిస్తే అసలు సిసలు 1050 టీఐ కూడా ఒప్పుకోదు. అందుకే ఎన్విడియా సైట్ నుంచి 580 వరస డ్రైవర్‌ను ముందే దింపుకుని వెళ్లండి. అది చక్కగా ఎక్కి, సిస్టమ్ రీస్టార్ట్ అయి, స్క్రీన్ మామూలుగా వస్తే సగం టెన్షన్ తీరినట్టే.

మెమరీ నింపే టెస్ట్

ఈ టెస్ట్ మాత్రం మానకండి. 4 జీబీ అని చెప్పుకునే 1 జీబీ కార్డ్ డెస్క్‌టాప్ మీద, సినిమా చూస్తున్నప్పుడు, చిన్న గేముల్లో ఏ తేడా చూపించదు. ఓసీసీటీ అనే ప్రోగ్రామ్‌లో కార్డ్ మెమరీకి ప్రత్యేకంగా ఒక టెస్ట్ ఉంది, అది నడపండి. లేదా టెక్స్చర్లు బాగా పెద్దగా పెట్టి ఏదైనా బరువైన గేమ్ నడుపుతూ, పక్కన జీపీయూ-జడ్ సెన్సార్ల పేజీలో మెమరీ వాడకం అంకె చూస్తూ ఉండండి. ఒరిజినల్ అయితే ఆ అంకె 1, 2, 3 జీబీలు దాటుతూ పోతుంది, ఏమీ కాదు. డూప్లికేట్ అయితే అసలు మెమరీ అయిపోయిన చోట రంగు రంగుల గళ్లు పడతాయి, లేదంటే సిస్టమ్ బిగుసుకుపోతుంది. ఆ కుర్రాడి గేమ్ మెనూ దాటగానే నల్లబడింది ఇందుకే.

సమయం మిగిలితే కార్డ్ వేగానికి స్కోరు ఇచ్చే హెవెన్ బెంచ్‌మార్క్ ఒకసారి నడిపి, అవే సెట్టింగులతో ఇదే మోడల్‌కి మిగతావాళ్లకు వచ్చిన స్కోరుతో పోల్చండి. స్కోరు కాస్త అటూ ఇటూ ఉంటే పట్టించుకోవద్దు. ప్రాసెసర్, ర్యామ్, గది వేడి ఇవన్నీ తేడా తెస్తాయి. కాగితం మీద లెక్కేస్తే 1050 టీఐ శక్తి జీటీఎస్ 450కి సుమారు మూడున్నర రెట్లు. డూప్లికేట్ దొరికిపోతే అంత పెద్ద తేడాతోనే దొరుకుతుంది.

ఫర్‌మార్క్ గురించి కూడా చాలామంది చెబుతుంటారు. అది కార్డ్ వేడిని తట్టుకుంటుందా, ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోందా అని చూడటానికి పనికొస్తుంది. ఒరిజినలో కాదో అది చెప్పదు.

విప్పి చూడనిస్తే

అమ్మేవాడు ఒప్పుకుంటేనే, ఆయన కళ్ల ముందే. కొత్త థర్మల్ పేస్ట్ మీరే పట్టుకెళ్లండి, విప్పాక పాతది పనికిరాదు. పేస్ట్ తుడిచాక చిప్ మీద జీపీ107-400 అని చెక్కి ఉంటే 1050 టీఐ. 300 అని ఉంటే మామూలు 1050. ఇదే పద్ధతిలో జీపీ106-400 అయితే 1060 6 జీబీ, జీపీ106-300 అయితే 1060 3 జీబీ. చిప్ చుట్టూ ఉన్న మెమరీ చిప్‌లనూ లెక్కపెట్టండి. 1050 టీఐలోని 128 బిట్ బస్‌కి (చిప్‌కీ మెమరీకీ మధ్య దారి) ఒక్కోటి 32 బిట్లు ఇచ్చే చిప్‌లు నాలుగు చాలు, 4 జీబీ కావాలంటే ఒక్కోటి 1 జీబీ ఉండాలి. వాటి మీద రాసిన నంబరు వెతికితే సైజు తెలిసిపోతుంది. చిప్ అంచుల్లో జిగురులాంటి ఫ్లక్స్ మరకలు, తల అరిగిన స్క్రూలు కనిపిస్తే ఆ కార్డ్ ఇంతకుముందు రిపేరుకు వెళ్లొచ్చిందని అర్థం. అది డూప్లికేట్ అని కాదు గానీ, బేరం మాత్రం దాన్నిబట్టే చేయాలి.

డీవీఐ పోర్టు చూసి కూడా కొంత చెప్పొచ్చు. పాస్కల్‌లో వచ్చేది డిజిటల్ మాత్రమే ఉన్న రకం. పోర్టులో ఒక పక్కనున్న అడ్డ చీలిక చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలు ఉన్నాయంటే అది అనలాగ్ కూడా ఇచ్చే పాత రకం.

డూప్లికేట్ కాదు, కానీ అనుకున్నదీ కాదు

ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాటిలో అచ్చమైన డూప్లికేట్లకన్నా ఇవే ఎక్కువ. కార్డ్ నిజమైనదే, పేరులోనే మెలిక.

ఎన్విడియాకి పోటీ అయిన ఏఎండీ కంపెనీ ఆర్ఎక్స్ 580నే తీసుకోండి. 2017లో వచ్చిన అసలు మోడల్‌లో 2304 షేడర్లు. 2018లో చైనా మార్కెట్ కోసం 580 2048ఎస్‌పీ అని ఏఎండీనే ఇంకోటి తెచ్చింది, అందులో షేడర్లు 2048. అంటే దాదాపు ఆర్ఎక్స్ 570. అది చట్టబద్ధమైన కార్డే, కానీ అమ్మేవాళ్లు ఆ 2048 అనే తోక కత్తిరించి 580 అని చెబుతారు. ఇది కాక 470, 570 కార్డులకు 580 బయోస్ ఎక్కించి అమ్మేవాళ్లూ ఉన్నారు. 470, 480, 570, 580 ఈ నాలుగూ ఒకే కుటుంబం చిప్‌లు కాబట్టి ఫేక్ అనే హెచ్చరిక వస్తుందని కూర్చోకండి, షేడర్ల సంఖ్య ఒక్కటే దారి. క్రిప్టో కరెన్సీ మైనింగ్‌లో వాడిన వాటికి మెమరీ టైమింగ్‌లు మార్చిన బయోస్ ఉండటం కూడా మామూలే. కార్డ్ మీద చిన్న బయోస్ స్విచ్ ఉంటే రెండు వైపులా పెట్టి చూడండి.

1060లో 3 జీబీకి, 6 జీబీకి తేడా మెమరీ ఒక్కటే అనుకుంటారు చాలామంది. కోర్లు కూడా వేరు: 1152, 1280. జీటీ 1030 ఇంకా అన్యాయం. జీడీడీఆర్5 ఉన్నదాని మెమరీ వేగం సెకనుకు 48 జీబీ, డీడీఆర్4 ఉన్నదానికి 17 కూడా లేదు, డబ్బా మీద పేరు మాత్రం ఒకటే.

ఒకసారి ఆర్‌టీఎక్స్ 3060 అని ఒక కార్డ్ వచ్చింది. జీపీయూ-జడ్‌లో షేడర్లు 3840. డెస్క్‌టాప్ 3060కి ఉండేవి 3584. ఎక్కువే ఉన్నాయి కదా అని తెచ్చినవాడు సంబరపడ్డాడు. కానీ మెమరీ చూస్తే 12 ఉండాల్సిన చోట 6 జీబీ. అది లాప్‌టాప్ చిప్. దాన్ని డెస్క్‌టాప్ బోర్డ్ మీద అతికించారు. గేములు బాగానే ఆడింది, నిజం చెప్పాలంటే. కానీ ఎన్విడియా మామూలు డ్రైవర్ దాన్ని గుర్తించలేదు, ప్రతిసారీ మార్చిన డ్రైవర్ వెతుక్కోవాలి. అంకె తక్కువైతేనే కాదు, ఎక్కువైనా ఆగి ఆలోచించండి.

ఖరీదైన కార్డులది మరో కథ. ఆర్‌టీఎక్స్ 4090 బోర్డుల నుంచి అసలు చిప్, మెమరీ పీకేసి, ఖాళీ బోర్డ్‌కి మళ్లీ కూలర్ బిగించి అమ్మిన సంఘటనలు వార్తల్లోకే వచ్చాయి. బయటినుంచి చూస్తే అనుమానం రాదు, ఎందుకంటే కూలర్, స్టిక్కర్, సీరియల్ నంబరు అన్నీ ఒరిజినలే! అందుకే ఆ స్థాయి కార్డ్‌ని "డిస్‌ప్లే రావట్లేదు, చిన్న రిపేరు" అని అమ్ముతుంటే, కూలర్ విప్పి లోపల చిప్ ఉందో లేదో చూడకుండా డబ్బులు తీయకండి.

దూరం నుంచి కొనాల్సి వస్తే

స్క్రీన్‌షాట్ వద్దు, దాన్ని మార్చడం నిమిషం పని. మధ్యలో కట్ చేయని వీడియో అడగండి: ముందు ఆ రోజు తేదీ, మీ పేరు రాసిన కాగితం, తర్వాత కార్డ్ మీది సీరియల్ స్టిక్కర్, అక్కణ్నుంచి సిస్టమ్‌లో పెట్టి ఉన్న కార్డ్, చివర్లో జీపీయూ-జడ్ మొదటి పేజీ. ఆ పేజీలో సబ్‌వెండర్ అని ఉన్నచోట కనిపించే కంపెనీ, స్టిక్కర్ మీది కంపెనీ ఒకటే కావాలి. తేడా ఉంటే వేరే కార్డ్ బయోస్ ఎక్కించి ఉండొచ్చు. సీరియల్ నంబరును తయారీ కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూస్తే మోడల్ కూడా తెలుస్తుంది చాలా కంపెనీలకు. వీడియో అనగానే "నమ్మకం లేదా" అని అలిగేవాళ్లతో నేను బేరం అక్కడితో ఆపేస్తాను. నిజంగా ఒరిజినల్ ఉన్నవాళ్లు రెండు నిమిషాల వీడియోకి ఏమీ అనుకోరు.

మీ 1050 టీఐ దగ్గరికే వస్తే, ఆయన్ని ఒక్క ఫొటో అడగండి: జీపీయూ-జడ్ మొదటి పేజీ, ఫోన్‌తో మానిటర్‌ని తీసినది. షేడర్ల గడి చదవగలిగితే చాలు. 192 ఉంటే అరగంట కూడా అక్కర్లేదు.

ఇప్పటికే కొనేసిన వాళ్లెవరైనా ఇది చదువుతుంటే: ముందు ఉన్న బయోస్‌ని జీపీయూ-జడ్‌తోనే సేవ్ చేసుకోండి, ఆ ఫైలు, స్క్రీన్‌షాట్లు పెట్టి డబ్బు వెనక్కి అడగండి. అమ్మేవాడు మాయమైతే, చిప్ పేరు, మెమరీ సరిచూసుకుని ఎన్‌వీఫ్లాష్ అనే బయోస్ రాసే ప్రోగ్రామ్‌తో పాత మోడల్ అసలు బయోస్ తిరిగి ఎక్కించొచ్చు. తప్పు ఫైలు ఎక్కిస్తే డిస్‌ప్లే పోతుంది కాబట్టి ఇంకో కార్డో, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సో ఉంటేనే ఈ పనికి దిగండి. ఆ కుర్రాడి కార్డ్‌కి నేనలాగే చేశాను. తను వద్దని వదిలేసి వెళ్తే మదర్‌బోర్డులు పరీక్షించడానికి డిస్‌ప్లే కార్డ్‌గా వాడుకుంటున్నాను, ఫ్యాన్ మీది 1050 టీఐ స్టిక్కర్ పీకేసి మార్కర్‌తో 450 అని రాసి.